పోయిందా, కనబడటం లేదా: మెసేజ్ క్యూ క్లస్టర్‌ను దూరం నుంచి నిలబెట్టడం

మూడు సర్వర్ల మెసేజ్ క్యూ క్లస్టర్ ఒకటి ఉందనుకుందాం. అలర్ట్ వచ్చింది. మొదటి సర్వర్‌లోకి లాగిన్ అయి స్టేటస్ అడిగితే 'మూడోది లేదు' అంటుంది. రెండోదాన్ని అడిగినా అదే మాట. సరే, చచ్చిపోయిందనుకుని మూడోదానిలోకి నేరుగా వెళ్ళి చూస్తే అది నిక్షేపంగా నడుస్తూ ఉంటుంది. పైగా 'నేను బాగానే ఉన్నాను, మిగతా రెండే పోయాయి' అంటుంది. ఇందులో ఎవరూ అబద్ధం ఆడటం లేదు. ఎవరికి కనబడింది వాళ్ళు చెబుతున్నారు, అంతే.

ఈ సర్వర్ల పని కొత్తగా నెత్తిన పడ్డవాళ్ళు ముందుగా కమాండ్లు బట్టీ పడతారు. కమాండ్లు ఎక్కడైనా దొరుకుతాయి. అసలు చిక్కు వేరే చోట ఉంది. సర్వర్ పోవడం, సర్వర్ కనబడకపోవడం అనే రెండూ నెట్‌వర్క్ ఇవతలి నుంచి చూసేవారికి అచ్చు ఒకేలా ఉంటాయి. దూరంగా కూర్చున్న మనిషికీ తేడా తెలీదు, పక్క ర్యాక్‌లో ఉన్న సర్వర్‌కూ తెలీదు. క్లస్టర్ రికవరీలో గుండె దడ పుట్టించే కమాండ్లన్నీ ఒకే కోవలోవి: 'ఆ నోడ్ (క్లస్టర్‌లోని ఒక సర్వర్) పోయింది, పూచీ నాది' అని సాఫ్ట్‌వేర్‌కు మనం రాసిచ్చే కాగితాలు. ఆ పూచీ ఎప్పుడు ఇవ్వొచ్చు, ఇచ్చే ముందు ఏం చూసుకోవాలి అన్నదే ఇక్కడి సంగతి.

క్లస్టర్ అన్న ఒక్క మాట, రకరకాల అర్థాలు

ఒక ప్రోగ్రామ్ పంపిన మెసేజ్‌ను ఇంకో ప్రోగ్రామ్ వచ్చి తీసుకునేదాకా భద్రంగా పట్టి ఉంచే సర్వరే మెసేజ్ క్యూ సర్వర్. పంపేది ప్రొడ్యూసర్, తీసుకునేది కన్స్యూమర్. ఈ సర్వర్ ఒక్కటే ఉండి అది పడిపోతే పని మొత్తం ఆగిపోతుంది కాబట్టి, రెండు మూడింటిని కలిపి క్లస్టర్ అంటారు. ఇంతవరకూ అందరికీ తెలిసిందే. కానీ 'కలపడం' అంటే ఏమిటన్న దగ్గర ఒక్కో సాఫ్ట్‌వేర్‌ది ఒక్కో దారి.

1993లో ఎంక్యూసిరీస్ పేరుతో వచ్చి, ఇప్పుడు ఐబీఎం ఎంక్యూగా నడుస్తున్నదాన్నే చూడండి. అందులో క్లస్టర్ అంటే క్యూ మేనేజర్లు (అక్కడ క్యూ సర్వర్ పేరు అది) ఒకరి చిరునామా ఒకరు తెలుసుకుని, పనిని పంచుకునే ఏర్పాటు. మెసేజ్‌కు రెండో కాపీ ఏమీ ఉండదు. ఒక క్యూ మేనేజర్ పడిపోతే, కొత్త మెసేజ్‌లు బతికున్నవాటి వైపు మళ్ళుతాయి. అప్పటికే దాని క్యూల్లోకి చేరినవి మాత్రం అది తిరిగి లేచేదాకా అక్కడే చిక్కుకుపోతాయి. కాపీలు కావాలంటే అదే ఉత్పత్తిలో నేటివ్ హెచ్‌ఏ, ఆర్‌డీక్యూఎం వంటి వేరే ఏర్పాట్లున్నాయి. 'క్లస్టర్ ఉంది కదా, మెసేజ్‌లు భద్రమే' అనుకున్నవాళ్ళకు ఈ తేడా తెలిసేది చాలాసార్లు మొదటి ప్రమాదం రోజునే.

మైక్రోసాఫ్ట్ వారి ఎంఎస్ఎంక్యూది ఇంకో పద్ధతి. విండోస్ ఫెయిలోవర్ క్లస్టర్‌లో క్యూ సర్వీస్ ఒక సమయంలో ఒక్క మెషిన్ మీదే నడుస్తుంది. మెసేజ్‌లుండేది రెండు మెషిన్లకూ అందే ఒకే డిస్క్‌లో. మొదటిది పడిపోతే ఆ డిస్కూ, నెట్‌వర్క్ పేరూ రెండోదానికి బదిలీ అవుతాయి. దాంతో దూరం నుంచి వెళ్ళేవాళ్ళకు ఒక తమాషా ఎదురవుతుంది: మెషిన్ పేరుతో కనెక్ట్ అయితే ఆ మెషిన్ సొంత క్యూలు కనబడతాయి, క్లస్టర్ క్యూలు కనబడవు. ఖాళీ జాబితా చూసి 'మెసేజ్‌లన్నీ పోయాయి' అని హడలిపోయినవాళ్ళు ఉన్నారు. వెళ్ళాల్సింది క్లస్టర్ నెట్‌వర్క్ పేరుతో.

2007లో వచ్చిన రాబిట్‌ఎంక్యూలో క్లస్టర్ అంటే యూజర్లు, క్యూల పేర్లు, పాలసీలు లాంటి వివరాలు అన్ని నోడ్‌లకూ ఒకటే. మెసేజ్‌లు మాత్రం క్యూ రకాన్ని బట్టి. మామూలు క్లాసిక్ క్యూ అయితే మెసేజ్‌లు ఒక్క నోడ్‌లోనే. 2019లో 3.8 వెర్షన్‌తో వచ్చిన కోరం క్యూ అయితే మామూలుగా 3 నోడ్‌ల మీద కాపీలుంటాయి. మధ్యకాలంలో కాపీలుంచే మిర్రర్డ్ క్యూలని ఉండేవి, 4.0లో వాటిని తీసేశారు, మంచి పని చేశారు. లింక్డ్‌ఇన్‌లో పుట్టి 2011లో ఓపెన్ సోర్స్ అయిన కాఫ్కాలో ప్రతి పార్టిషన్‌కూ (క్యూ ముక్కకూ) ఒక లీడర్, దాన్ని అనుసరించే కాపీలు ఉంటాయి.

కాబట్టి రికవరీకి దిగే ముందు వేసుకోవాల్సిన మొదటి ప్రశ్న 'ఏ కమాండ్ కొట్టాలి' కాదు. 'ఈ పడిపోయిన నోడ్‌లో ఉన్నవాటికి ఇంకెక్కడైనా కాపీ ఉందా, లేదా?' ఉంటే తాపీగా పని చేసుకోవచ్చు. లేకపోతే ఆ డిస్కే మీ సర్వస్వం. దాన్ని ముట్టుకునే ముందు పదిసార్లు ఆలోచించాలి.

లోపలికి వెళ్ళే దారి

దూరం నుంచి ఈ సర్వర్లను నడపడానికి రెండు దారులుంటాయి. ఎస్ఎస్‌హెచ్‌తో ఆ మెషిన్‌లోకే వెళ్ళి అక్కడి టూల్ నడపడం ఒకటి. మన దగ్గరున్న టూల్‌నే నెట్‌వర్క్ మీదుగా ఆ సర్వర్‌తో మాట్లాడించడం రెండోది. రెండోది సుఖంగా కనిపిస్తుంది కానీ తిప్పలన్నీ అందులోనే ఉన్నాయి.

రాబిట్‌ఎంక్యూను రాసింది ఎర్లాంగ్ భాషలో. ఎరిక్సన్ కంపెనీలో టెలిఫోన్ ఎక్స్ఛేంజీల కోసం పుట్టిన భాష అది. అందులో ఒక ప్రోగ్రామ్ ఇంకో మెషిన్‌లోని ప్రోగ్రామ్‌తో మాట్లాడాలంటే ఇద్దరి దగ్గరా ఒకే రహస్య పదం ఉండాలి. దాన్నే ఎర్లాంగ్ కుకీ అంటారు. నోడ్‌లు ఒకదాన్నొకటి నమ్మేది ఈ కుకీతోనే. కమాండ్ లైన్ టూల్ కూడా, అది నడుస్తున్న కాసేపూ ఒక చిన్న ఎర్లాంగ్ నోడే. అంటే దాని దగ్గరా అదే కుకీ ఉండాలి. సర్వర్ నడిచేది ఒక యూజర్ పేరుతో, మీరు కమాండ్ కొట్టేది ఇంకో యూజర్ పేరుతో అయితే, టూల్ మీ హోమ్ డైరెక్టరీలో ఉన్న వేరే కుకీని చదివి 'నోడ్ డౌన్' అని చెప్పేస్తుంది. నోడ్ హాయిగా నడుస్తూనే ఉంటుంది. కొండను తవ్వి ఎలుకను పట్టినట్టు గంటసేపు వెతికాక, తేలేది ఫైల్ పర్మిషన్ తేడా. ఎర్రర్ మెసేజ్ కింద చిన్న అక్షరాల్లో కుకీ హ్యాష్ (కుకీ నుంచి లెక్కగట్టిన గుర్తు) ఒకటి వస్తుంది. రెండు మెషిన్లలో దాన్ని పోల్చి చూస్తే ఒక్క నిమిషంలో తేలిపోయే విషయం ఇది.

తర్వాత పోర్టులు. క్లయింట్ల కోసం 5672, వెబ్ పేజీలో చూడటానికి 15672, నోడ్‌లు ఒకదాన్నొకటి వెతుక్కోడానికి 4369, నోడ్‌లు తమలో తాము మాట్లాడుకోడానికి 25672. ఇందులో చివరి రెండూ బయటికి తెరవకూడదు. కుకీ తెలిసినవాడికి ఆ దారిన ఆ మెషిన్ మీద ఏ కోడైనా నడిపే వీలుంటుంది. పాస్‌వర్డ్‌లు గట్టిగా పెట్టి, కనెక్షన్‌ను ఎన్‌క్రిప్ట్ చేసే టీఎల్ఎస్ పెట్టి, 25672ను మాత్రం ఇంటర్నెట్‌కు వదిలేస్తే, తాళం వేసి గొళ్ళెం మరిచినట్టే. అందుకే నా ఓటు మొదటి దారికే: మధ్యలో కాపలాగా ఉండే జంప్ సర్వర్ మీదుగా ఎస్ఎస్‌హెచ్, అక్కడి నుంచి నోడ్‌లోకి, అక్కడే కమాండ్.

కాఫ్కాతో ఇంకో రకం తంటా. ఎస్ఎస్‌హెచ్ టన్నెల్ వేసి 9092కు కనెక్ట్ అవుతారు. మొదటి జవాబు వస్తుంది. తర్వాత అంతా మౌనం. ఎందుకంటే మొదటి జవాబులో బ్రోకర్ (కాఫ్కా సర్వర్‌ను అలా అంటారు) చెప్పేది 'నన్ను ఫలానా చిరునామాలో కలవండి' అని. ఆ చిరునామా అడ్వర్టైజ్డ్ లిజనర్స్ అనే సెట్టింగ్‌లో రాసి ఉన్నది. లోపలి నెట్‌వర్క్‌కు మాత్రమే అర్థమయ్యే పేరు. మీ టూల్ ఆ పేరు పట్టుకుని టన్నెల్ వదిలేసి బయట వెతుకుతుంది. బ్రోకర్‌కు ఏమీ కాలేదు, మీ దారే సగంలో తెగింది. ఇదీ 'కనబడకపోవడం' లెక్కలోకే వస్తుంది.

ఐబీఎం ఎంక్యూలో దూరపు కమాండ్లు కూడా మెసేజ్‌లుగానే వెళ్ళి ఒక ప్రత్యేకమైన కమాండ్ క్యూలో పడతాయి. కమాండ్ సర్వర్ వాటిని తీసి అమలు చేస్తుంది. చక్కని ఆలోచనే కానీ క్యూ మేనేజరే ఆగిపోతే ఆ దారి కూడా దాంతోపాటే మూసుకుపోతుంది. రాబిట్‌ఎంక్యూలోనూ ఇలాంటి తేడా ఒకటుంది. 'స్టాప్ యాప్' అంటే క్యూ సర్వీస్ మాత్రమే ఆగుతుంది, కింద ఎర్లాంగ్ బతికే ఉంటుంది, దూరం నుంచే 'స్టార్ట్ యాప్' చెప్పొచ్చు. ఒట్టి 'స్టాప్' అంటే ఎర్లాంగ్‌తో సహా మొత్తం ఆగిపోతుంది. ఇక ఆ టూల్‌కు అవతల మాట వినేవాడే ఉండడు; ఆ మెషిన్‌లోకి వెళ్ళి సర్వీస్‌ను మొదలుపెట్టాల్సిందే. దూరం నుంచి పని చేసేటప్పుడు ప్రతి కమాండ్ ముందూ వేసుకోవాల్సిన ప్రశ్న ఇది: ఇది కొట్టాక నేను తిరిగి లోపలికి రాగలనా? ఫైర్‌వాల్ రూల్ మారుస్తూ కూర్చున్న కొమ్మనే నరుక్కున్నవాళ్ళు ఎంతోమంది. పది నిమిషాల్లో పాత రూల్స్ వాటంతటవే తిరిగొచ్చేలా ముందే టైమర్ పెట్టుకుని ఆ తర్వాత ముట్టుకోవడం మంచిది. ఎస్ఎస్‌హెచ్ కూడా అందనప్పటి కోసం మెషిన్ కన్సోల్‌కు వెళ్ళే వేరే దారి ఉండాలి. దాని పాస్‌వర్డ్ ఎవరి దగ్గరుందో ప్రమాదం జరిగిన రోజున వెతుక్కోకూడదు.

పొడవైన కమాండ్లు నడిపేటప్పుడు కనెక్షన్ తెగినా కమాండ్‌ను నడుపుతూనే ఉంచే టీమక్స్ లాంటిదానిలో నడపండి. మన ఇంటర్నెట్ పోతే సగంలో ఆగిపోయిన రికవరీ, అసలు మొదలుపెట్టని రికవరీ కన్నా అధ్వానం.

పడిపోయినట్టు నటించేవి

'క్యూ సర్వర్ డౌన్' అని వచ్చే ఫోన్‌లలో కొన్ని అసలు డౌన్ కావు. రాబిట్‌ఎంక్యూలో ఒక నోడ్ మెమరీ హద్దు దాటితే గానీ, డిస్క్‌లో ఖాళీ తగ్గితే గానీ అలారం మోగుతుంది. ఆ ఒక్క నోడ్ కోసం క్లస్టర్ మొత్తంలో మెసేజ్‌లు పంపే కనెక్షన్లన్నీ నిలిపేస్తారు. తీసుకునేవాళ్ళకు అడ్డు లేదు. అప్లికేషన్ వైపు నుంచి చూస్తే పంపిన కాల్ వెనక్కి రాదు, ఎర్రరూ రాదు, అలా ఉండిపోతుంది. అప్లికేషన్ టీమ్ 'మీ సర్వర్ చచ్చిపోయింది' అంటుంది. ఆ మాట నమ్మి రీస్టార్ట్ చేస్తే, కాస్త సేపట్లో తగ్గిపోవాల్సిన సమస్యను మీ చేతులతో పెద్దది చేసినట్టే. డిస్క్ ఖాళీ హద్దు మామూలుగా 50 ఎంబీ దగ్గర ఉంటుంది. అసలు పనికి అది ఏ మూలకూ చాలదు. మొదటి రోజే పెంచుకోవాలి.

కాఫ్కాలోనూ దీనికి తమ్ముడు ఉన్నాడు. మూడు కాపీలు, కనీసం రెండు తాజాగా ఉండాలి అని పెట్టుకున్నచోట రెండు బ్రోకర్లు పోతే, అన్ని కాపీలకూ చేరాలని అడిగే ప్రొడ్యూసర్లకు ఎర్రర్లు వస్తాయి, చదివేవాళ్ళకు మాత్రం నడుస్తూనే ఉంటుంది. ఇది లోపం కాదు, మీరు కోరుకున్న కాపలా. టెన్షన్‌లో ఆ 'కనీసం రెండు'ను 'ఒకటి' చేసేస్తే ఎర్రర్లు ఆగుతాయి. మిగిలిన ఆ ఒక్క డిస్క్ మీద ఏం ఆధారపడి ఉందో అప్పుడు గుర్తు పెట్టుకోవాలి.

ఇద్దరు ఒకవైపు, ఒకరు ఒకవైపు

మొదట చెప్పిన మూడు సర్వర్ల దగ్గరికి వద్దాం. మధ్యలో నెట్‌వర్క్ తెగి నోడ్‌లు రెండు గుంపులుగా విడిపోవడాన్ని పార్టిషన్ అంటారు. (కాఫ్కాలో క్యూ ముక్కలనూ పార్టిషన్ అనే అంటారు. ఈ రంగంలో పేర్లు పెట్టినవాళ్ళు మన మీద దయ చూపలేదు.) దీనికి తెగిన తీగే అక్కర్లేదు. వర్చువల్ మెషిన్‌ను బ్యాకప్ కోసం కాసేపు స్తంభింపజేసినా, లోడ్ ఎక్కువై జవాబు ఆలస్యమైనా చాలు. ఎర్లాంగ్‌లో నోడ్‌లు ఒకదాన్నొకటి పలకరించుకునే గడువు మామూలుగా 60 సెకన్లు. ఆ మేరకు మౌనంగా ఉంటే 'పోయింది' అని రాసేసుకుంటాయి. స్తంభించిన మెషిన్‌కు మాత్రం తను ఆగినట్టే తెలీదు. మెలకువ వచ్చాక మిగతావాళ్ళే పోయారనుకుంటుంది.

ఇప్పుడు రెండు గుంపులూ పని కొనసాగిస్తే, ఒకే క్యూకు రెండు చరిత్రలు తయారవుతాయి. తర్వాత వాటిని కలపడానికి సరైన పద్ధతంటూ లేదు. ఒకటి ఉంచి ఇంకొకటి పారేయాల్సిందే. అందుకే రాబిట్‌ఎంక్యూ ముందుగానే మనల్ని అడుగుతుంది. ఏమీ చేయకు అనొచ్చు. చాలాకాలం డిఫాల్ట్ ఇదే. తక్కువమంది ఉన్న గుంపు తనంతట తనే ఆగిపోవాలి అనొచ్చు, దాన్నే పాజ్ మైనారిటీ అంటారు. లేదా ఆటోహీల్: నెట్‌వర్క్ బాగుపడ్డాక ఎక్కువ క్లయింట్లున్న గుంపును గెలిపించి, ఓడినవాటిని రీస్టార్ట్ చేస్తుంది, ఓడిన వైపు జరిగిన మార్పులు పోతాయి. ఆటోహీల్ పేరు వినసొంపుగా ఉంటుంది కానీ అది నయం చేసేది సర్వీస్‌ను, మెసేజ్‌లను కాదు.

రెండే నోడ్‌లతో పాజ్ మైనారిటీ పెట్టినవాళ్ళకు ఒక మాట. రెండిట్లో ఒకటి మెజారిటీ కాదు. కాబట్టి మధ్యలో తీగ తెగితే రెండూ ఆగిపోతాయి. ఒక సర్వర్ ఉన్నప్పుడు నెట్‌వర్క్ తెగినా నడిచేది, రెండో సర్వర్ కొన్న పాపానికి మొత్తం ఆగిపోయింది.

కోరం క్యూలు ఈ గొడవను మొదట్లోనే తుంచేస్తాయి. సభలో తగినంతమంది సభ్యులు లేకపోతే కోరం లేదని వాయిదా వేసినట్టే, సగానికి మించి కాపీలు అందుబాటులో ఉంటేనే ఆ క్యూ పని చేస్తుంది. మూడింట్లో ఒకటి పోయినా నడుస్తుంది, ఐదింట్లో రెండు పోయినా నడుస్తుంది. తక్కువమంది వైపు తీర్మానాలు జరగవు కాబట్టి రెండో చరిత్ర పుట్టదు. దీని వెనకున్న రాఫ్ట్ అనే పద్ధతిని డియెగో ఒంగారో, జాన్ ఔస్టర్‌హౌట్ 2014లో ప్రచురించారు. కాఫ్కా కూడా తన క్లస్టర్ వివరాల కోసం ఇదే కుటుంబానికి చెందిన క్రాఫ్ట్ పద్ధతికి మారి, 2025లో వచ్చిన 4.0తో, అంతకుముందు ఆ వివరాలు చూసుకున్న జూకీపర్‌కు పూర్తిగా సెలవిచ్చింది.

అందువల్ల ఒక నోడ్‌ను మెయింటెనెన్స్ కోసం ఆపే ముందు, 'ఇది ఆగితే ఏ క్యూకైనా కోరం పోతుందా' అని అడగాలి. రాబిట్‌ఎంక్యూలో దీనికే ఒక చెక్ ఉంది. క్వోరమ్ క్రిటికల్ చెక్ అంటారు. ఎవరో మొన్న ఆపి మరిచిపోయిన నోడ్ ఒకటుంటే, ఇవాళ మీరు ఆపేది రెండోది అవుతుంది.

అన్నీ ఆగిపోయినప్పుడు

కరెంటు పోయి మొత్తం క్లస్టర్ ఆగిపోయింది, తిరిగి వచ్చింది. మొదటి నోడ్‌ను లేపారు. అది లేవదు. లాగ్‌లో 'మిగతావాళ్ళ కోసం ఎదురుచూస్తున్నా' అని రాస్తూ ఉంటుంది. చెడిపోయిందనుకుని మళ్ళీ మళ్ళీ రీస్టార్ట్ చేస్తారు. అది చెడిపోలేదు, జాగ్రత్త పడుతోంది.

పాత పద్ధతిలో, అంటే ఎమ్నీసియా అనే ఎర్లాంగ్ డేటాబేస్ వాడే రాబిట్‌ఎంక్యూలో, ప్రతి నోడ్‌కూ తను ఆగిన క్షణానికి ఇంకా ఎవరు నడుస్తున్నారో గుర్తుంటుంది. అందరికన్నా చివర ఆగిన నోడ్ దగ్గరే తాజా సమాచారం ఉంటుంది. కాబట్టి ముందు ఆగినవి, చివరిది వచ్చేదాకా ఒక్కోసారి 30 సెకన్ల చొప్పున 10 సార్లు, మొత్తం 5 నిమిషాలు చూసి, రాకపోతే విరమించుకుంటాయి. వైద్యం సులువు: ఒకదాని తర్వాత ఒకటి కాదు, అన్నిటినీ దాదాపు ఒకేసారి లేపండి. వాటిలో అవే తేల్చుకుంటాయి.

కంటైనర్లను నడిపే కుబర్నెటిస్‌లో ఇదే ఒక చిక్కుముడి అవుతుంది. మొదటి పాడ్ (ఇక్కడ ఒక నోడ్) 'రెడీ' అయ్యాకే రెండోది మొదలుపెట్టాలని ఏర్పాటు. మొదటిది రెడీ కావాలంటే రెండోది కనబడాలి. ఇద్దరూ 'ముందు నువ్వు' అని గుమ్మం దగ్గరే నిలబడిపోతారు. పాడ్‌లన్నీ సమాంతరంగా మొదలయ్యేలా పెట్టడం, రెడీనెస్ చెక్‌ను మరీ కఠినంగా కాకుండా 'ఎర్లాంగ్ పలుకుతోందా' అన్నంత వరకే ఉంచడం దీనికి మందు. 4.0 నుంచి వాడదగ్గ ఖెప్రీ అనే కొత్త స్టోర్‌లో ఈ 'చివరిదే ముందు' నియమం లేదు. అదీ రాఫ్ట్ మీదే నడుస్తుంది కాబట్టి ఎవరైనా సగానికి మించి వస్తే చాలు.

హోస్ట్ పేరు సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. రాబిట్‌ఎంక్యూ నోడ్ పేరులోనే మెషిన్ పేరు ఉంటుంది, డేటా ఫోల్డర్ కూడా ఆ పేరుతోనే. బ్యాకప్ నుంచి తిరిగి తీసిన మెషిన్ కొత్త పేరుతో లేస్తే, నోడ్ కూడా కొత్త పేరుతో ఖాళీగా లేస్తుంది. క్యూలు లేవు, యూజర్లు లేరు. అసలు డేటా పక్క ఫోల్డర్‌లో భద్రంగా ఉంటుంది. కంగారులో ఎవరో ఆ ఫోల్డర్‌ను 'పాత చెత్త' అని తీసేయకముందే ఈ విషయం గుర్తుకురావాలి.

పూచీ కాగితాలు

ఇప్పుడు మొదట చెప్పిన ప్రమాదకరమైన కమాండ్లు. రాబిట్‌ఎంక్యూలో 'ఫోర్స్ బూట్': మిగతావాళ్ళ కోసం చూడకు, నీ దగ్గరున్నదే నిజమనుకో. అందులోనే 'ఫర్గెట్ క్లస్టర్ నోడ్': ఆ నోడ్ ఇక రాదు, సభ్యత్వం కొట్టేయి. కాఫ్కాలో 'అన్‌క్లీన్ లీడర్ ఎలక్షన్': తాజా కాపీలన్నీ పోయాయి, వెనకబడ్డ కాపీనే లీడర్‌ను చెయ్. ఐబీఎం ఎంక్యూలో 'రీసెట్ క్లస్టర్ ఫోర్స్ రిమూవ్': ఆ క్యూ మేనేజర్‌ను పుస్తకాల్లోంచి తీసేయి. నాలుగూ మూడు వేర్వేరు సాఫ్ట్‌వేర్‌లలోవి అయినా సారం ఒకటే. సాఫ్ట్‌వేర్ తనంతట తను తేల్చుకోలేని విషయాన్ని మనిషి తేల్చి చెప్పడం. కాఫ్కాలో ఈ అన్‌క్లీన్ ఎలక్షన్ ఒకప్పుడు దానంతటదే జరిగేది; 0.11 నుంచి డిఫాల్ట్‌గా ఆపేశారు. అంటే ఆ నిర్ణయాన్ని మెషిన్ చేతిలోంచి తీసి మనిషి చేతిలో పెట్టారు.

మరి మనిషికి ఎలా తెలుస్తుంది? క్లస్టర్‌కు కనబడని దారి నుంచి చూడాలి. క్లస్టర్ నెట్‌వర్క్‌లోంచే పింగ్ చేసి 'జవాబు లేదు' అనుకుంటే, నోడ్‌లకు తెలిసినదాని కన్నా మనకు అదనంగా తెలిసింది ఏమీ లేదు. కన్సోల్ దారిన వెళ్ళి చూడండి. మెషిన్ నడుస్తుంటే పవర్ తీసేయండి, లేదా దాని డిస్క్‌ను విడదీయండి, లేదా నెట్‌వర్క్ వైపు నుంచి దాని పోర్ట్ మూసేయండి. దీన్నే ఫెన్సింగ్ అంటారు. 'పోయిందనుకుంటున్నా' అన్నదాన్ని 'పోయేలా చేశాను'గా మార్చడం. అప్పుడు మీరిచ్చే పూచీ ఊహ కాదు, నిజం.

ఏ నోడ్ మీద కొడుతున్నారో చూసుకోవడం ఇంకా ముఖ్యం. నేనొకసారి రెండు టెర్మినల్ ట్యాబ్‌లు తెరిచి, చెడిపోయిన మూడో నోడ్ అనుకుని బాగున్న రెండోదాన్ని ఆపి రీసెట్ కొట్టాను. రెండు ప్రాంప్ట్‌లకూ తేడా ఒక్క అంకె. క్లాసిక్ క్యూల రోజులవి. ఆ నోడ్‌లోని మెసేజ్‌లకు రెండో కాపీ లేదు. రీసెట్ ఒక్క సెకనులో అయిపోయింది, 'నిజమేనా' అని ఎవరూ అడగలేదు. అప్పట్నుంచి ఇలాంటి కమాండ్ కొట్టే ముందు హోస్ట్ పేరు అడిగే కమాండ్ వేరేగా కొట్టి, వచ్చిన పేరును పైకి చదువుతాను. పక్కనున్నవాళ్ళు నవ్వుతారు, నవ్వనీ.

బ్యాకప్ గురించి ఒక అపోహ. రాబిట్‌ఎంక్యూలో 'డెఫినిషన్స్ ఎక్స్‌పోర్ట్' చేస్తే యూజర్లు, క్యూలు, ఏ మెసేజ్ ఏ క్యూలోకి వెళ్ళాలో చెప్పే బైండింగ్‌లు, పాలసీలు ఒక ఫైల్‌లోకి వస్తాయి. మెసేజ్‌లు రావు. అది ఇంటి ప్లాన్ మాత్రమే, ఇంట్లోని సామాను కాదు. అయినా రోజూ తీసి పెట్టుకోండి. అన్నీ పోయిన రోజున ఖాళీ క్లస్టర్‌ను పది నిమిషాల్లో పాత ఆకారానికి తెచ్చేది అదే. డేటా ఫోల్డర్‌ను కాపీ చేయాలంటే నోడ్‌ను ఆపి చేయాలి.

లేచాక వచ్చే వరద

నోడ్‌లన్నీ పచ్చగా మారగానే పని అయిపోయిందనుకుంటాం. అప్పుడే కన్స్యూమర్లన్నీ ఒక్కసారిగా కనెక్ట్ అవుతాయి. గంటల తరబడి పేరుకున్నదంతా వాటి మీద పడుతుంది, వాటి వెనకున్న డేటాబేస్ మీద పడుతుంది. కొన్ని మెసేజ్‌లు రెండోసారి వస్తాయి కూడా. పడిపోకముందు కన్స్యూమర్ పని పూర్తి చేసి, 'ముట్టింది' అని చెప్పేలోగా కనెక్షన్ తెగితే, సర్వర్‌కు ఆ పని జరిగినట్టు తెలీదు; మళ్ళీ ఇస్తుంది. ఇక్కడా అదే పాత చిక్కు: పని జరగలేదా, జరిగిన కబురు అందలేదా? అందుకే ఒకే మెసేజ్ రెండుసార్లు వచ్చినా తేడా రాకుండా అప్లికేషన్ రాసుకోవాలి. కన్స్యూమర్లను కొన్ని కొన్నిగా లేపడం, ఒక్కోదానికి ఒకేసారి ఇచ్చే మెసేజ్‌ల సంఖ్య తగ్గించడం మన చేతిలో పని. తీసుకున్న ప్రతిసారీ కన్స్యూమర్‌ను కూల్చే విషపు మెసేజ్ ఒకటి వరదలో ఉంటే అది తిరిగి తిరిగి వస్తూనే ఉంటుంది. 4.0 నుంచి కోరం క్యూలు డిఫాల్ట్‌గా 20 సార్లు చూసి దాన్ని పక్కకు తోసేస్తాయి. అలా తోసేసినవి చేరే డెడ్ లెటర్ క్యూ పెట్టి ఉంచకపోతే ఆ పక్కన ఏమీ ఉండదు, మెసేజ్ పోతుంది.

ఇక మిగిలింది ఆ మూడో నోడ్. పోలేదు, కనబడటం లేదు అన్నది తేలి నెట్‌వర్క్ బాగుపడితే, దాని డిస్క్ దాని దగ్గరే ఉంది కాబట్టి వెనకబడిన మేరకు లీడర్ నుంచి తెచ్చుకుని కలిసిపోతుంది. నిజంగానే పోతే, కొత్త డిస్క్ వేసి లేపుతాం. ఇక్కడే మూడో రకం ప్రమాదం ఒకటుంది. పోవడమూ కాదు, కనబడకపోవడమూ కాదు, మరిచిపోయి తిరిగి రావడం.

ఒక మెసేజ్ మొదటి, మూడో నోడ్‌లలో రాసుకోబడింది. రెండోది కాస్త వెనకబడి ఉంది. మూడింట్లో రెండు, కోరం ఉంది. ప్రొడ్యూసర్‌కు 'భద్రం' అని చెప్పేశారు. ఇప్పుడు మూడో నోడ్ డిస్క్ పోయింది. ఖాళీ డిస్క్‌తో, అదే పాత పేరుతో, పాత సభ్యుడిలాగే వచ్చి కూర్చుంది. సరిగ్గా అప్పుడు మొదటిది పడిపోయింది. రెండోది, మూడోది కలిసి కోరం కట్టి, కొత్త లీడర్‌ను ఎన్నుకుంటాయి. ఆ మెసేజ్ ఆ ఇద్దరికీ తెలీదు. పోయినట్టు లాగ్‌లో ఒక్క లైన్ కూడా ఉండదు. రాఫ్ట్ లెక్కంతా, ఓటు వేసిన సభ్యుడు తను రాసుకున్నది మరిచిపోడన్న నమ్మకం మీద నిలబడి ఉంటుంది. (ఎమ్నీసియాకు మొదట పెట్టిన పేరు ఆమ్నీసియా, అంటే మతిమరుపు. మరిచిపోయే డేటాబేస్ ఏమిటని పై అధికారి అభ్యంతరం చెబితే ఇంగ్లిష్ స్పెల్లింగ్‌లో మొదటి అక్షరం తీసేశారట.)

కాబట్టి ఖాళీ డిస్క్‌తో వచ్చేవాణ్ణి పాత సభ్యుడిగా కూర్చోబెట్టకూడదు. ముందు బతికున్న నోడ్ నుంచి పాతదాని సభ్యత్వం కొట్టేయాలి. తర్వాత కొత్త నోడ్‌గా క్లస్టర్‌లో చేర్చాలి. చేరినంత మాత్రాన కోరం క్యూల కాపీలు డిఫాల్ట్‌గా దాని మీదికి రావు. 'గ్రో' కమాండ్‌తో ఒక్కో క్యూకు కాపీ పెంచాలి, ఆపైన లీడర్లన్నీ ఒకే నోడ్ మీద పోగుపడకుండా 'రీబ్యాలెన్స్' చేయాలి. కాఫ్కా బ్రోకర్ అయితే పాత ఐడీతో ఖాళీ డిస్క్ మీద లేచినా లీడర్ల నుంచి తనే తెచ్చుకుంటుంది, కానీ అదే మెషిన్ క్రాఫ్ట్ కంట్రోలర్ (క్లస్టర్ వివరాల కోసం ఓటు వేసే సభ్యుడు) కూడా అయితే ఓటరు నియమమే దానికీ వర్తిస్తుంది. మూడు కాపీలూ తాజాగా ఉన్నాయని స్టేటస్‌లో కనబడేదాకా, ఇంకో నోడ్‌ను ఏ కారణంతోనూ ఆపకండి. పాత డిస్క్‌ను మాత్రం వెంటనే తుడిచేయమని చెప్పకండి. అందులోంచి ఏదో ఒకటి కావాలని రెండు రోజుల తర్వాత ఎవరో ఒకరు అడుగుతారు.